తూము కాడనే మన్ను పోసి, ఆయకట్టు ఎండిందని నవ్వుతున్నరు

2025 జనవరి సంది అమెరికాల ఉన్న మనోళ్ళ వాట్సాప్ గ్రూపులకెల్లి మన ఊరి గ్రూపులకు ఒకటే ముచ్చట దిగుతున్నది. డీఈఐ ఖతమైందట, ఇగ మెరిట్ ఉన్నోళ్ళకే కొలువులట. దాని కింద చప్పట్ల బొమ్మలు. పెట్టేటోళ్ళల్ల శానమందికి డీఈఐ అంటె ఏందో తెల్వది. డైవర్సిటీ, ఈక్విటీ, ఇన్‌క్లూజన్ అనే మూడు మాటల పొట్టి పేరు అది. కంపెనీల అన్ని రకాల మనుషులు ఉండాలె, అందరినీ న్యాయంగ చూడాలె, ఎవరినీ పరాయోళ్ళ లెక్క పక్కకు పెట్టొద్దు అని పెట్టుకున్న పద్ధతులు. వాటి మీద ఉన్న కోపం ముందుగాల పోయి తగిలేది పెద్ద కుర్చీల కూసున్న నల్లజాతి ఆడోళ్ళకు. "కోటాల వచ్చింది" అనే మాట మన దగ్గర ఎవరి మీద వాడ్తరో మీకు చెప్పే పని లేదు. గక్కడ గా మాట వీళ్ళ మీద వాడ్తున్నరు.

తమ్ముళ్ళూ, చెల్లెండ్లూ, మీల శానమంది రేపు మాదాపూర్ దిక్కో, గచ్చిబౌలి దిక్కో ఏదో ఒక అమెరికా కంపెనీల కొలువు చేసేటోళ్ళే. అందుకే ఆ కంపెనీల నిచ్చెన ఎట్లుంటదో, ఎవల్ని ఏ మెట్టు కాడ ఆపుతరో జర నింపాదిగ చెప్తా. ఇది వాళ్ళ ముచ్చట, వాళ్ళ దేశం ముచ్చట. మన సంగతి మధ్యల దానంతటదే వస్తది.

ఫార్చ్యూన్ అనే పత్రిక అమెరికాల అన్నిటికంటె పెద్ద 500 కంపెనీల లిస్టు 1955 సంది ప్రతి ఏడు అచ్చేస్తున్నది. ఆ లిస్టుల ఒక కంపెనీకి నల్లజాతి ఆడమనిషి సీఈఓ అయింది ఎప్పుడో తెలుసా? 2009 జులైల. అంటె లిస్టు మొదలైనంక 54 ఏండ్లకు. ఆమె పేరు అర్సులా బర్న్స్, కంపెనీ జిరాక్స్. మనం కాయితం కాపీ తీసుడునే జిరాక్స్ అంటం చూడుండ్రి, గా జిరాక్స్. ఆమె తర్వాత రోజలిండ్ బ్రూవర్ 2021ల వాల్‌గ్రీన్స్ మందుల దుకాండ్ల కంపెనీకి, అదే ఏడు తసుండా బ్రౌన్ డకెట్ టీఐఏఏ అనే పింఛన్ల కంపెనీకి, 2023ల టోనీ టౌన్స్-విట్లీ ఎస్ఏఐసీ అనే టెక్నాలజీ కంపెనీకి వచ్చిండ్రు. ఈ పేర్లు లెక్కపెట్టనీకి ఒక చెయ్యి వేళ్ళు సాలు. గీ నలుగురిని చూసి "అన్ని కుర్చీలు వాళ్ళకే పోతున్నయ్" అంటున్నరంటె, ఆ లెక్క ఏ బడిల నేర్చుకున్నరో మరి.

తెలివి లేక రాలేదు, వ్యాపారం చేతకాక రాలేదు అనుకునేటోళ్ళకు పాత చరిత్ర ఒకటి చెప్పాలె. 1881ల అట్లాంటా పట్నంల బట్టలు ఉతికే నల్ల ఆడోళ్ళు సమ్మె కట్టిండ్రు. బానిసత్వం పోయి అప్పటికి ఇరవై ఏండ్లు గూడ కాలే. ఇరవై మందితోని మొదలైన సంగం కొన్ని వారాలల్ల మూడు వేలకు ఎక్కింది. మా కూలి రేటు మేమే చెప్తం అన్నరు. చాకలి ఐలమ్మ నడిచిన నేల మీద ఉన్నోళ్ళం, మనకు ఈ ముచ్చట తొందరగనే ఎక్కుతది.

అసుంటి బట్టలుతికే తల్లికి పుట్టిన బిడ్డ మ్యాగీ లీనా వాకర్. వర్జీనియా రాష్ట్రం రిచ్‌మండ్ పట్నంల 1903ల బ్యాంకు పెట్టింది. సెయింట్ ల్యూక్ పెన్నీ సేవింగ్స్ బ్యాంక్ దాని పేరు. పెన్నీ అంటె వాళ్ళ పైస. పైస పైస కూడబెట్టే పనిమనుషుల, కూలోళ్ళ బ్యాంకు. అమెరికాల బ్యాంకుకు చార్టర్ తెచ్చుకున్న మొదటి నల్ల ఆడమనిషి ఆమెనే. ఇంకొకామె శారా బ్రీడ్‌లవ్. 1867ల లూసియానా పత్తి చేన్ల పుట్టింది. ఏడేండ్లకే తల్లి లేదు, తండ్రి లేడు. 14 ఏండ్లకు పెండ్లి. సెయింట్ లూయిస్‌ల ఏండ్లకేండ్లు బట్టలు ఉతికింది. తర్వాత నల్ల ఆడోళ్ళ జుట్టుకు పనికొచ్చే మందులు, నూనెలు అమ్మే కంపెనీ పెట్టి మేడమ్ సి.జె. వాకర్ అని దేశమంత పేరు తెచ్చుకున్నది. 1917ల ఫిలడెల్ఫియాల తన సరుకు అమ్మే ఆడోళ్ళందరిని పిలిచి సభ పెట్టింది. ఎక్కువ అమ్మినోళ్ళకే కాదు, మంది కోసం ఎక్కువ దానం చేసినోళ్ళకు గూడ బహుమతులు ఇచ్చింది. ఆ సభలకెల్లే దేశాధ్యక్షునికి టెలిగ్రాం కొట్టిండ్రు, నల్లోళ్ళను గుంపులు పట్టి సంపుడు ఆపించుమని. కంపెనీ మీటింగుల ఇట్ల చేసినోళ్ళ గురించి ఎంబీఏ పుస్తకాలల్ల ఎంత రాసిండ్రో మీరే చూసుకోండ్రి.

అంటె సొంతంగ కంపెనీ నడుపుడు వాళ్ళకు నూరేండ్ల కిందటనే తెలుసు. తెలివి ఎప్పుడూ ఉన్నది. వేరేటోళ్ళ కంపెనీల మెట్లు ఎక్కనియ్యలే, అంతే తేడా.

ఇగ ఆ మెట్ల సంగతి. ఆడోళ్ళు పైకి పోకుంట అడ్డం పడే దాన్ని గ్లాస్ సీలింగ్ అంటరు, మీరు వినే ఉంటరు. కనవడని అద్దపు కప్పు తలకు తగుల్తది అని అర్థం. నల్ల ఆడోళ్ళు దానికి కాంక్రీటు సీలింగ్ అని వేరే పేరు పెట్టుకున్నరు. అద్దమైతె పైన ఎవలున్నరు, ఏం చేస్తున్నరు అన్నా కనవడతది. సిమెంటు స్లాబైతె అది గూడ లేదు. పైన ఏ ముచ్చట నడుస్తున్నది, ఏ కొలువు ఖాళీ అయితున్నది, ఎవలకు ఏం నేర్పుతున్నరు, ఏదీ కిందికి ఇనరాదు.

కాని నన్నడిగితె అసలు కథ కప్పు కాడ లేదు, కింది మెట్టు కాడ ఉన్నది. మెకిన్సే అనే కన్సల్టింగ్ కంపెనీ, లీన్ఇన్ అనే సంస్థ కలిసి అమెరికా కంపెనీల ఆడోళ్ళ గురించి రిపోర్టు తీస్తయి. 2024 రిపోర్టుల ఒక లెక్క ఉన్నది. కొత్తగ చేరిన ఉద్యోగి మొదటిసారి మేనేజర్ అయ్యే కాడ, మొగోళ్ళు 100 మందికి ప్రమోషన్ వస్తె, అదే లెక్కన ఆడోళ్ళు 81 మందికి వచ్చింది. అండ్ల నల్లజాతి ఆడోళ్ళను విడిగ చూస్తె 54 మందికే. దీన్నే నిచ్చెనకు విరిగిన మెట్టు అంటున్నరు.

ఒక చిన్న లెక్క నేను వేస్తా, పెన్సిల్ పట్టుకొని సూడుండ్రి. పైన మెట్లన్ని సక్కగ ఉన్నయే అనుకుందాం. అయినా గూడ 100 మంది మొగోళ్ళు పోయే కాడికి వీళ్ళు 54 మందే పోతరు. రెండో మెట్టు కాడ గూడ గదే కోత పడితె 29 మంది. మూడో మెట్టుకు వచ్చే వరకు 16 మంది. ఇంకా సీఈఓ కుర్చీ శాన దూరం ఉన్నది, అప్పటికే పదహారుకు వచ్చింది. చెరువు తూము కాడ మన్ను పోసినంక ఆయకట్టు కొసకు నీళ్ళు ఎట్లొస్తయి? కొసన ఎండిన మడిని చూపెట్టి "ఆ భూమికి పండే గుణమే లేదు" అంటె ఎట్ల? అదే రిపోర్టుల పై కుర్చీల లెక్క గూడ ఉన్నది. నల్లోళ్ళు, లాటినోలు, ఆసియా వాళ్ళు, అన్ని రకాల తెల్లగాని ఆడోళ్ళు అందరూ కలిసి, కంపెనీల అన్నిటికంటె పై వరుస కుర్చీలల్ల 7 శాతం. అమెరికా జనాభాల నల్లజాతి ఆడోళ్ళు ఒక్కలే ఇంచుమించు గంత ఉంటరు.

మొదటి మెట్టు కాడనే ఎందుకు ఇరుగుతది? పదేండ్లు మేనేజర్‌గ చేసినోళ్ళకు చూపెట్టనీకి పని ఉంటది. ఇంత అమ్మినం, ఇంత లాభం తెచ్చినం అని కాయితం మీద ఉంటది. మొదటిసారి మేనేజర్ అయ్యేటోళ్ళకు అసుంటి కాయితం ఉండది. పైనోడు అంచనా కట్టాలె. "ఈ పిల్లగానిల దమ్మున్నది" అనుకోవాలె. అంచనా కట్టే మనిషికి తన తీరు మాట్లాడేటోడు, తన కాలేజీల చదివినోడు, తనతోని ఆదివారం గోల్ఫ్ ఆడేటోడు దమ్మున్నోని లెక్క కనవడతడు. కావాలని తొక్కినట్టు గూడ అనిపించది. అందుకే అడిగితె ఎవరూ ఒప్పుకోరు.

ఆ అంచనా పేరు చదివే కాడనే మొదలైతది. 2004ల ఇద్దరు ఆర్థికవేత్తలు, మరియన్ బెర్ట్రండ్, సెంథిల్ ముల్లైనాథన్ (ఈయన తమిళ మూలాలున్నాయన), ఒక పరీక్ష ఫలితాలు అచ్చేసిండ్రు. బోస్టన్, షికాగో పట్నాలల్ల కొలువుల ప్రకటనలకు ఇంచుమించు 5,000 ఉత్తుత్తి దరఖాస్తులు పంపిండ్రు. చదువు, అనుభవం ఒకే తీరు. పేర్లు ఒక్కటే తేడా. కొన్నిటి మీద ఎమిలీ, గ్రెగ్ అసుంటి తెల్లోళ్ళ పేర్లు, కొన్నిటి మీద లకీషా, జమాల్ అసుంటి నల్లోళ్ళ పేర్లు. తెల్ల పేర్లున్న దరఖాస్తులకు 50 శాతం ఎక్కువ ఫోన్లు వచ్చినయి. ఇదే తీరు పరీక్ష మన దేశంల సుఖదేవ్ థోరట్, పాల్ అట్టవెల్ చేసిండ్రు, 2007ల అచ్చయింది. ప్రైవేటు కంపెనీలకు పంపిన దరఖాస్తులల్ల చదువు ఒకే తీరున్నా, దళిత ఇంటిపేరు ఉన్నోళ్ళకు, ముస్లిం పేరున్నోళ్ళకు పిలుపులు తగ్గినయి. ఇంటిపేరు దాసుకొని ఒట్టి ఇనిషియల్ రాసే పిల్లలు మన ఊర్లల్ల ఎందుకున్నరో వేరే చెప్పాల్నా?

పేరు దాటినంక జుట్టు. మనకు నవ్వులాట అనిపిస్తది గాని, నల్లజాతి ఆడోళ్ళకు ఇది కొలువు పోయే సంగతి. వాళ్ళ జుట్టు పుట్టుకతోనే చుట్టలు చుట్టలుగ ఉంటది. జడలు, లాక్స్ కట్టుకుంటరు. అట్ల ఉంటె "పద్ధతిగ లేదు" అని, సాపు చేసుకొని రమ్మని ఒత్తిడి. అలబామాల ఒకామెకు కొలువు ఇస్తమని చెప్పి, లాక్స్ కత్తిరించుకోనందుకు వెనుకకు తీసుకున్నరు. కేసు కోర్టుకెక్కింది, 2016ల అప్పీలు కోర్టు గూడ కంపెనీ దిక్కే చెప్పింది. జుట్టు కట్టుకునే తీరును మార్చుకోవచ్చు, చర్మం రంగు లెక్క కాదు అన్నది ఆ తీర్పు. ఆ తర్వాతనే, 2019ల, జుట్టును చూసి కొలువు ఆపొద్దని క్రౌన్ యాక్ట్ అనే చట్టం మొదలు కాలిఫోర్నియాల వచ్చింది, తర్వాత వేరే రాష్ట్రాలకు పాకింది. నూరేండ్ల కింద మేడమ్ వాకర్ అమ్మింది గూడ జుట్టు సరుకే కదా. జుట్టు చిన్న సంగతైతె ఇంత కథ నడవకపోవు.

కోర్టు మాట వచ్చింది గనుక ఒక పాత కేసు తప్పకుంట చెప్పాలె. నన్ను అన్నిటికంటె ఎక్కువ ఆలోచనల పడేసింది ఇదే. సెయింట్ లూయిస్‌ల జనరల్ మోటార్స్ కార్ల ఫ్యాక్టరీ ఉండె. 1964ల అమెరికాల పౌరహక్కుల చట్టం వచ్చింది, కొలువుల్ల జాతిని చూసి గాని, ఆడమొగ అని గాని తేడా చేయొద్దని. అంతకు ముందు ఆ కంపెనీ నల్ల ఆడోళ్ళను పనిలకు తీసుకోలే. చట్టం వచ్చినంక తీసుకున్నరు. కొన్నేండ్లకు మాంద్యం వచ్చింది, మందిని తీసేయాలె. ఎవల్ని తీసేస్తరు? వెనుక చేరినోళ్ళను ముందు. కాగితం మీద సూస్తె ఏ పేరూ లేని రూలు, అందరికీ ఒకటే. కాని వెనుక చేరింది ఎవలు? 1970 తర్వాత చేరిన నల్ల ఆడోళ్ళందరి కొలువులు పోయినయి.

అయిదుగురు ఆడోళ్ళు కోర్టుకు పోయిండ్రు. 1976ల తీర్పు వచ్చింది. కోర్టు ఏమన్నదో నింపాదిగ ఇనుండ్రి. ఆడోళ్ళ మీద వివక్ష అంటున్నరు, కాని ఈ కంపెనీ చట్టానికి ముందు సంది ఆడోళ్ళను తీసుకుంటున్నది. ఆ తీసుకున్నది తెల్ల ఆడోళ్ళను. సరే, జాతి వివక్ష అంటరా, కంపెనీ మీద జాతి గురించి వేరే కేసు నడుస్తున్నది, పోయి దాంట్ల కలువుండ్రి. ఆడోళ్ళుగ రండి, లేకపోతె నల్లోళ్ళుగ రండి. రెండూ కలిపి "నల్ల ఆడోళ్ళం" అని వస్తె, అసుంటి కొత్త వర్గాన్ని చట్టం గుర్తించదు. గిదీ తీర్పు సారం. మనిషి నిండుగ నిలవడితె కోర్టుకు కనవడలే, రెండు ముక్కలై వస్తెనే కనవడతదట.

కింబర్లీ క్రెన్‌షా అనే నల్లజాతి న్యాయశాస్త్ర ప్రొఫెసర్ ఈ కేసును పట్టుకొని 1989ల ఒక వ్యాసం రాసింది. నాలుగు బాటల కూడలిల నిలవడ్డ మనిషికి ఒక దిక్కుకెల్లి వచ్చిన బండి తగలొచ్చు, ఇంకో దిక్కుకెల్లి వచ్చింది తగలొచ్చు, ఒకపారి అన్నీ కలిసి తగలొచ్చు అన్నది. దానికి ఇంటర్‌సెక్షనాలిటీ అని పేరు పెట్టింది. తెలుగు మీడియపోళ్ళకు నోరు తిరగని మాట గాని, సంగతి మనకు కొత్తది కాదు. ఆడోళ్ళ ఉద్యమంల పై కులాల ఆడోళ్ళు ముందుంటరు, దళిత ఉద్యమంల మొగోళ్ళు ముందుంటరు, మేమెక్కడ నిలవడాలె అని మన దళిత ఆడోళ్ళు ఎప్పటి సందో అడుగుతున్నరు. గోగు శ్యామల దళిత ఆడోళ్ళ రాతలన్ని ఏరి కూర్చిన 'నల్లపొద్దు' పుస్తకం దొరికితె చదువుండ్రి, కూడలిల నిలవడ్డ మనుషులు వరుసగ మాట్లాడినట్టుంటది.

ఇప్పుడు అర్సులా బర్న్స్ కాడికి పోదాం. నలుగురైదుగురే ఎక్కిండ్రు గదా, ఆమె ఎట్ల ఎక్కింది?

1958ల న్యూయార్క్‌ల పుట్టింది. తల్లి పనామా దేశంకెల్లి వచ్చినామె. తండ్రి ఇంటి కాడ లేడు. ముగ్గురు పిల్లలు, పేదోళ్ళ కోసం సర్కారు కట్టిన బిల్డింగుల కాపురం. తల్లి ఇరుగుపొరుగు పిల్లలను చూసుకొని, మంది బట్టలు ఇస్త్రీ చేసి బిడ్డను మంచి బడికి తోలింది. సూడుండ్రి, మళ్ళ బట్టల కాడికే వచ్చినం. బర్న్స్ మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, 1980ల ఎండాకాలం ఇంటర్న్‌గ జిరాక్స్‌ల అడుగుపెట్టింది. 1990 దాంక మంచి ఇంజినీరే, కాని పైనోళ్ళ కంట్ల పడని శానమందిల ఒకామె. అప్పుడు వేలండ్ హిక్స్ అనే పెద్ద ఆఫీసర్ ఆమెను తన ఎగ్జిక్యూటివ్ అసిస్టెంట్‌గ తీసుకున్నడు. అంతకు ముందు ఒక మీటింగుల ఆమె అతన్నే మొకం మీద గట్టిగ నిలదీసింది. 1991ల కంపెనీ సీఈఓ పాల్ అలేర్‌కు అసిస్టెంట్ అయింది. పేరుకు అసిస్టెంట్, పని మాత్రం పెద్దాయన పోయిన ప్రతి మీటింగుకు పోవుడు, నిర్ణయాలు ఎట్ల తీసుకుంటరో పక్కన కూసొని చూసుడు. 1999 వరకు ప్రపంచమంత ఉన్న ఫ్యాక్టరీల పనికి వైస్ ప్రెసిడెంట్. 2009ల ఆన్ మల్కహీ దిగి ఈమెకు కుర్చీ ఇచ్చింది. ఫార్చ్యూన్ 500ల ఒక ఆడమనిషి చేతులకెల్లి ఇంకో ఆడమనిషికి సీఈఓ కుర్చీ పోవుడు గూడ గదే మొదటిసారి.

ఇక్కడ ఒక మాట విడమర్చి చెప్పాలె. సలహా చెప్పేటోడు వేరు, మన కోసం నిలవడేటోడు వేరు. మొదటాయన్ని మెంటర్ అంటరు, రెండో ఆయన్ని స్పాన్సర్ అంటరు. వాల్‌స్ట్రీట్‌ల మోర్గాన్ స్టాన్లీ బ్యాంకుల పెద్ద హోదాల పనిచేసిన కార్లా హారిస్ అనే నల్లజాతి ఆమె దీన్ని మంచిగ విప్పి చెప్పింది. మన కొలువుకు సంబంధించిన పెద్ద నిర్ణయాలన్ని మనం లేని గదిల జరుగుతయి అన్నది. నీ జీతం, నీ బోనస్, నీ ప్రమోషన్ మాట్లాడేటప్పుడు నువ్వు అక్కడ ఉండవు. నీ పేరు ఎవలో ఒకలు ఎత్తాలె, ఎత్తినోళ్ళ మాటకు ఆ గదిల ఇలువ ఉండాలె. ఇంకోటి గూడ చెప్పింది. పని మంచిగ చేస్తె వచ్చే ఇలువ మొదట్ల శాన ఉంటది గాని, ఏండ్లు గడిచినకొద్ది "ఆమె ఎట్లనన్న మంచిగనే చేస్తది" అని అలవాటైపోయి తగ్గుతది. మనుషులతోని పెంచుకున్న సంబంధం ఇలువ మాత్రం పెరుక్కుంట పోతది. తలకాయ వంచుకొని పని చేస్తె వాళ్ళే గుర్తిస్తరు అని మన అమ్మానాయినలు నేర్పిన దాంట్ల సగమే నిజమున్నదన్నట్టు.

ఇది పైరవీ కాదా అని మీరు అడుగుతరు. తేడా ఉన్నది. పైరవీల పని రానోడు గూడ ఎక్కుతడు. ఇక్కడ పని వచ్చినామెకే పేరు ఎత్తేటోళ్ళు లేరు. తెల్ల మొగోళ్ళకు ఆ పేరు ఎత్తేటోళ్ళు పుట్టుకతోనే ఉంటరు, మేనమామనో, కాలేజీ సీనియరో, చర్చిల పక్క బెంచీ మీద కూసునేటాయననో. దాన్ని మాత్రం ఎవలూ కోటా అనరు, నెట్‌వర్క్ అంటరు.

అయితె ఒక్క హిక్స్, ఒక్క అలేర్ మంచోళ్ళు కాబట్టి బర్న్స్ ఎక్కిందని చెప్తె నేను ఒప్పుకోను. జిరాక్స్ పుట్టింది రోచెస్టర్ అనే పట్నంల. 1964 జులైల అక్కడ నల్లోళ్ళ వాడలు పోలీసుల మీద, నిరుద్యోగం మీద భగ్గుమన్నయి. ఆ తర్వాత ఫైట్ అనే నల్లోళ్ళ సంగం ఊరి కంపెనీల మీద కూసున్నది, మా పిల్లలకు కొలువులేవి అని. జిరాక్స్ దిగి వచ్చింది, తీసుకొని నేర్పుతమన్నది. తీసుకున్నంక కత అయిపోలే. లోపల చేరిన నల్ల ఉద్యోగులు 1970 ఆ చుట్టుపక్కల సొంతంగ కాకస్‌లు కట్టుకున్నరు. అంటె ఉద్యోగుల గుంపులు. సేల్స్‌ల ఉన్నోళ్ళు ఇండ్లల్ల కూడి, సరుకు ఎట్ల అమ్మాల్నో ఒకరికొకరు నేర్పుకున్నరు. మంచి గిరాకీ ఉన్న ఏరియాలు తెల్లోళ్ళకు ఇచ్చి, ఎండిన ఏరియాలు మాకిచ్చి, మీరు తక్కువ అమ్మిండ్రంటరా అని కంపెనీని నిలదీసిండ్రు. 1980ల బర్న్స్ లోపలికి అడుగుపెట్టే నాటికి ఆ పోరు పదేండ్లది. ఆమె నడిచిన బాట మీద ముండ్లు ముందే కొందరు ఏరి పెట్టిండ్రు.

ఇంకో నిజం గూడ చెప్పాలె, లేకపోతె నేను సీఈఓలకు దండలేసేటోళ్ళల్ల కలిసినట్టు అయితది. జిరాక్స్ దివాలా అంచుకు పోయినప్పుడు యూనియన్‌తోని మాట్లాడి ఫ్యాక్టరీ పనిని బయటోళ్ళకు అప్పజెప్పిన మనిషి గూడ బర్న్సే. కుర్చీల నల్ల ఆడమనిషి కూసున్నంత మాత్రాన కింద ఊడ్చే నల్ల ఆడమనిషి జీతం పెరగది. ఎర్ర జెండా పట్టే మా దోస్తులు ఈ మాటే అంటరు, మరి మనకెందుకు ఆ కుర్చీల గొడవ అంటరు. నా జవాబు ఒకటే. సీఈఓను ఆపే చెయ్యి, క్లర్కు సూపర్‌వైజర్ కాకుంట ఆపే చెయ్యి ఒకటే. పైన కనవడ్డ కాడ దాన్ని పట్టుకుంటె కింద గూడ పట్టుకునుడు సులువైతది.

ఎక్కినోళ్ళకు గూడ ఏ కుర్చీ ఇస్తరో చూడాలె. బ్రిటన్‌ల మిషెల్ ర్యాన్, అలెక్స్ హాస్లమ్ అనే ఇద్దరు 2005ల దీనికి గ్లాస్ క్లిఫ్ అని పేరు పెట్టిండ్రు. కంపెనీ గుట్ట కొసకు వచ్చి జారేటట్టున్నప్పుడు ఆడమనిషిని తెచ్చి కూసోపెడ్తరు. జారితె ఆమె పేరు మీద పోతది. రోజలిండ్ బ్రూవర్ వచ్చే నాటికే వాల్‌గ్రీన్స్ ఆన్‌లైన్ పోటీతోని సతమతమైతున్నది, కరోనా నడుస్తున్నది. రెండున్నర ఏండ్లల్ల ఆమె బయటికొచ్చింది. ఆమె పోయినంక గూడ ఆ కంపెనీ కోలుకోలే, 2025ల ఒక ప్రైవేటు పెట్టుబడి సంస్థ చేతుల్లకు పోయింది. మొగ సీఈఓ ఓడిపోతె ఆయన ఒక్కడే ఓడిపోతడు. ఆమె దిగితె "వాళ్ళతోని కాదు" అని జాతికి, ఆడోళ్ళకు కలిపి మార్కులేస్తరు.

2020 మేల జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసు మెడ మీద మోకాలు పెట్టి సంపినప్పుడు లోకమంత లేచింది. కంపెనీలన్ని నల్ల రంగు బొమ్మలు పెట్టి మాటలిచ్చినయి, నల్లోళ్ళను పైకి తెస్తమని. ఒకటి రెండేండ్లు మొదటి మెట్టు కాడ లెక్కలు పెరిగినయి గూడ. తర్వాత మళ్ళ పడ్డయి. రోడ్డు మీద మంది ఉన్నన్ని దినాలు నిచ్చెన సక్కగుండె, మంది ఇంటికి పోంగనే మెట్టు ఇరిగింది.

వెనుకకు గుంజేటోళ్ళు మాత్రం ఇంటికి పోలే. అట్లాంటాల ఫియర్‌లెస్ ఫండ్ అని నల్లజాతి ఆడోళ్ళే పెట్టిన సంస్థ ఉండె. వ్యాపారం పెట్టే నల్ల ఆడోళ్ళకు 20,000 డాలర్ల సాయం ఇచ్చేది. అమెరికాల కొత్త కంపెనీలకు పోయే పెట్టుబడుల వీళ్ళకు 1 శాతం గూడ అందది, అందుకే ఆ సంస్థ. దాని మీద 2023ల కేసేసిండ్రు, తెల్లోళ్ళకు ఇస్తలేరు గాబట్టి వివక్ష అని. ఏ చట్టం కింద వేసిండ్రో తెలుసా? 1866 పౌరహక్కుల చట్టం. బానిసత్వంకెల్లి అప్పుడే బయటపడ్డ నల్లోళ్ళకు ఒప్పందాలు చేసుకునే హక్కు ఇయ్యనీకి తెచ్చిన చట్టం అది. దాన్నే తిప్పి ఆ నల్లోళ్ళ మునిమనవరాండ్ల మీదకు ఇసిరిండ్రు. 2024 జూన్ల అప్పీలు కోర్టు ఆ సాయాన్ని ఆపింది, సెప్టెంబర్ల సంస్థ రాజీకొచ్చి ఆ పథకాన్నే మూసేసింది. 2025 జనవరిల ట్రంప్ గద్దెనెక్కిన మర్నాడే, సర్కారు కాంట్రాక్టులు తీసుకునే కంపెనీలు కొలువుల్ల అందరికీ జాగ ఇయ్యాలని 1965 సంది ఉన్న ఉత్తర్వును కొట్టేసిండు. ఎన్నో కంపెనీలు ఎనుకా ముందు చూడకుంట డీఈఐ అనే పేరే చెరిపేసుకున్నయి.

గిప్పుడు వాట్సాప్‌ల చప్పట్లు కొట్టే మనోళ్ళ సంగతి. 1965కు ముందు అమెరికా ఇండియా మొత్తానికి ఇచ్చే ఇమిగ్రేషన్ కోటా ఏడాదికి 100 మంది. దేశాలను చూసి తేడా చేసే ఆ పద్ధతి 1965 ఇమిగ్రేషన్ చట్టంతోని పోయింది. ఆ చట్టం ఊకనే రాలే. నల్లోళ్ళు లాఠీ దెబ్బలు తిని, కుక్కల కాట్లు తిని, జైళ్ళకు పోయి సాధించిన పౌరహక్కుల గాలిల వచ్చింది. ఆ తలుపులకెల్లి మన డాక్టర్లు పోయిండ్రు, ఇంజినీర్లు పోయిండ్రు. హైదరాబాద్‌ల చదువుకున్న సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్‌కు, శంతను నారాయణ్ అడోబ్‌కు, గోదావరి జిల్లాల పుట్టిన అరవింద్ కృష్ణ ఐబీఎంకు పెద్దలైండ్రు. వాళ్ళ కష్టాన్ని నేను తక్కువ చేస్తలేను. కాని తలుపు తెరిసినోళ్ళ బిడ్డలను చూసి "మెరిట్ లేదు" అనే మాట తెలుగు నోటికెల్లి వస్తె నాకు మాత్రం మింగుడు పడది.

అసలు మన కంపెనీల మెరిట్ ఎట్లున్నదో గూడ సూడాలె గదా. 2012ల మన దేశంల వెయ్యి పెద్ద కంపెనీల బోర్డులల్ల ఎవలున్నరో పరిశోధకులు లెక్క తీసిండ్రు. 93 శాతం అగ్రకులాలోళ్ళు. ఎస్సీ, ఎస్టీలు కలిపితె మూడున్నర శాతం. ప్రైవేటుల రిజర్వేషన్ లేదు గాబట్టి ఇదంత "మెరిట్"తోనే వచ్చిందన్నట్టు. ఆ 93ల ఆడోళ్ళెందరు, మూడున్నరల ఆడోళ్ళెందరు అని అడగనీకి గూడ మనకు అలవాటు కాలే. సియాటిల్ పట్నం 2023ల కుల వివక్ష చేయొద్దని చట్టం చేసింది, అమెరికాల మొదటి పట్నం అదే. అక్కడికి పోయిన మనోళ్ళు ఏం మూటగట్టుకొని పోయిండ్రో ఆ చట్టమే చెప్తది.

మీల ఎవలన్న ఇప్పటికే కొలువుల ఉంటె ఒక పని చేయుండ్రి. మీ టీంల, మీ ఫ్లోర్ల గత రెండేండ్లల్ల మొదటిసారి టీమ్ లీడ్ అయినోళ్ళ పేర్లు ఒక కాయితం మీద రాయుండ్రి. వాళ్ళతోని ఒకే ఏడు చేరి ఇంకా కిందనే ఉన్నోళ్ళ పేర్లు పక్కన రాయుండ్రి. ఏ ఊరు, ఏ కులం, ఆడనా మొగనా, తెలుగు మీడియమా ఇంగ్లీషు మీడియమా అన్నది ఎదురుంగ పెట్టుండ్రి. ఆ కాయితం ఒక్కలే చూసుకోకుండ్రి, రెండో వరుసల పేర్లున్నోళ్ళందరు ఒక ఆదివారం ఎక్కడన్న కూడి చూడుండ్రి.